పెళ్లి ఫొటోలకు ఏ మెమరీ కార్డు? నికాన్ డీ750లో సాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో 64 జీబీ, ఎనిమిది నెలల వాడకం తర్వాత

కర్నూల్లో పెళ్లి ఫొటోలు తీస్తాను, పదకొండేళ్లుగా ఇదే పని. కెమెరా గురించి, లెన్సుల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ, ఫొటో చివరికి పోయి పడే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క గురించి మాలో చాలామందిమి పట్టించుకోం. నేనూ పట్టించుకోలేదు. పోయిన మాఘంలో ఒక పెళ్లిలో జరిగింది చూశాక పట్టించుకున్నాను.

నంద్యాల రోడ్డులో ఒక కల్యాణ మండపం. తెల్లవారుజామున ముహూర్తం. జీలకర్ర బెల్లం అయింది, తాళి అయింది, అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ మనం ఆ ఒక్క క్షణం కోసం కాచుకుని ఉండి మూడు నాలుగు ఫొటోలు తీస్తాం, అంతే. తలంబ్రాలు అట్లా కాదు. పెళ్లికూతురు దోసిలి ఎత్తుతుంది, పెళ్లికొడుకు తల వెనక్కి లాగుతాడు, వెనక నుంచి వాళ్ల అన్నదమ్ములు కేకలు, బియ్యం గాలిలో, కళ్లు మూసుకుపోయిన ముఖాలు, అంతా ఒకేసారి. షట్టర్ మీద వేలు నొక్కి పట్టుకోక తప్పదు. నేనూ నొక్కి పట్టుకున్నాను. రెండు సెకన్లు గడగడా కొట్టింది, తర్వాత టక్... టక్... అంటూ ఒక్కొక్కటే. వ్యూఫైండర్ లోపల అడుగున ఆర్ 00 అని కనపడుతోంది, అంటే కెమెరాలో ఇక చోటు లేదని. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురు వాళ్ల అవ్వ, ఎనభై దాటి ఉంటాయి ఆమెకు, ఎవరో పట్టుకుంటే లేచి వచ్చి, పళ్లెంలోంచి గుప్పెడు తలంబ్రాలు తీసి ఇద్దరి తలల మీద పోసి బోసి నోటితో నవ్వింది. నా దగ్గర అవ్వ చెయ్యి పైకి లేచిన ఫొటో ఉంది. అవ్వ చెయ్యి కిందికి దించేసిన ఫొటో ఉంది. మధ్యలోది లేదు.

పక్కనే నిలబడిన పెద్దాయన "ఏమప్పా, అవ్వది పడిందా?" అని అడిగాడు. "చూస్తాను పెదనాయనా" అన్నాను. అప్పుడు చూడడానికి కూడా లేదు, కెమెరా వెనక పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, లోపల ఇంకా రాసుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చాక మొదట అనుమానం కెమెరా మీదికే పోయింది. డీ750 వచ్చింది 2014లో, నాది సెకండ్ హ్యాండ్, ముసలిదైపోయింది అనుకున్నాను. కొత్త బాడీ కొనాలంటే లక్ష పైమాటే. రెండు రోజులు ఆ టెన్షన్‌తోనే గడిచింది. తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే తప్పు కెమెరాది కాదు, అందులో ఉన్న కార్డుది. నాలుగేళ్ల కిందట "64 జీబీ ఉందా, ఇవ్వన్నా" అని ధర ఒక్కటి చూసి కొన్న కార్డు అది.

లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమైన విధంగా చెప్తాను. తోటలో నీళ్ల తొట్టి ఉంటుంది కదా, పైన మోటారు పోస్తూ ఉంటుంది, అడుగున పైపు గుండా కాలువకు పోతూ ఉంటుంది. మోటారు ఎంత పోస్తోందో పైపు అంత లాగితే తొట్టి నిండదు. పైపు సన్నదైతే కాసేపటికి తొట్టి నిండుతుంది, ఇక మోటారు ఆపుకోవాల్సిందే. కెమెరాలో ఆ తొట్టి పేరు బఫర్. ఫొటో తీయగానే నేరుగా కార్డులోకి పోదు, ముందు బఫర్‌లోకి పోతుంది, అక్కడి నుంచి కార్డులోకి. డీ750 సెకనుకు 6.5 ఫొటోలు తీస్తుంది. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు (కెమెరా పట్టిన వివరమంతా దాచుకునే ఫైలు), 14 బిట్ (రంగుల వివరం ఎక్కువ దాచే సెట్టింగు) లాస్‌లెస్ కంప్రెస్డ్‌లో (వివరం పోకుండా కుదించడం) పెడితే, ఒక్కోటి 28 ఎంబీ దాకా వస్తుంది. అంటే సెకనుకు 180 ఎంబీ పైన తొట్టిలో పడుతోంది. తొట్టిలో పట్టేది 15 ఫొటోలు. షట్టర్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో ఆర్ 15 అని చూపించేది అదే, ఇంకా ఎన్ని పడతాయో అని. చాలామంది ఆ అంకెను రోజూ చూస్తూ కూడా అదేంటో తెలుసుకోరు. రెండున్నర సెకన్లలో అది సున్నా అవుతుంది. ఆ తర్వాత కెమెరా వేగం అంటూ ఏమీ ఉండదు, కార్డు ఎంత వేగంగా ఖాళీ చేస్తే అంత వేగంగానే తర్వాతి ఫొటో.

కార్డు కొందామని రాజ్‌విహార్ వైపు వెళ్లాను. దుకాణంలో కుర్రాడు గ్లాసు మీద నాలుగు రకాలు పరిచాడు. అక్కడ అర్థమైంది, ఇన్నేళ్లుగా కార్డు మీద ఏది చూడాలో అది తప్ప అన్నీ చూశానని. పెద్ద అక్షరాల్లో 120, 170, 200 అని రాసి ఉంటుందే, అది చదివే వేగం. కార్డులోంచి కంప్యూటర్‌కు తీసుకునేటప్పటి లెక్క. కెమెరాకు కావాల్సింది రాసే వేగం. అది కవరు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్ని కార్డుల మీద అసలు ఉండదు. ఉండనప్పుడు గుర్తులు చూడాలి. సీ అక్షరం లోపల 10 ఉంటే, ఎంత తగ్గినా సెకనుకు 10 ఎంబీకి తగ్గకుండా రాస్తుందని అర్థం. యూ లోపల 1 ఉన్నా అదే 10. యూ లోపల 3 ఉంటే 30. వీ30, వీ60, వీ90 అని ఉంటే ఆ అంకె ఎంతో అన్ని ఎంబీలు. ఇవన్నీ కనీస వేగాలు, ఆగకుండా రాస్తున్నప్పుడు ఇంతకు తగ్గదు అనే హామీ. నా పాత కార్డు మీద యూ లోపల 1 ఉంది. అంటే అది మోసం చేయలేదు. పది అని చెప్పి పదికి మించే ఇచ్చింది. నేనే చదవలేదు.

ఏ1, ఏ2 అని కూడా ఉంటుంది కొన్నిటి మీద. అది ఫోన్లలో యాప్‌లు నడపడానికి సంబంధించిన గుర్తు, కెమెరాకు దానితో పని లేదు. ఫోన్లో వాడే చిన్న కార్డును అడాప్టర్‌లో పెట్టి కెమెరాలో దూర్చేవాళ్లు మా దగ్గర చాలామంది. పనిచేస్తుంది, కాదనను, కానీ పెళ్లి పనికి వద్దు. అడాప్టర్ లోపల ఇంకో జత పిన్నులు, ఇంకో చోట వదులయ్యే అవకాశం. ఎందుకు ఆ తలనొప్పి.

కుర్రాడు ఒక కార్డు తీసి "ఇది తీసుకో అన్నా, 300 ఎంబీ, ఇంక చూసుకునే పని లేదు" అన్నాడు. తిప్పి చూస్తే వెనక పిన్నులు రెండు వరసలు ఉన్నాయి. అది యూహెచ్ఎస్-2 కార్డు. ధర చూస్తే నేను అనుకున్నదానికి మూడు రెట్లు. వెనక ఒక్క వరస పిన్నులుంటే యూహెచ్ఎస్-1, దాని దారి వెడల్పు సెకనుకు 104 ఎంబీ. రెండు వరసలుంటే యూహెచ్ఎస్-2, దాని దారి 312 దాకా. నా డీ750 స్లాట్లలో రెండో వరస పిన్నులను అందుకునే కాంటాక్టులు లేవు, రెండూ యూహెచ్ఎస్-1 స్లాట్లే. ఆ ఖరీదైన కార్డు పెట్టినా మొదటి వరసతోనే నడుస్తుంది, మిగతా డబ్బు వృథా. కుర్రాడికి ఇది చెప్తే "అవునా అన్నా, నాకు తెలీదు" అని కార్డు తిప్పి పిన్నులు చూశాడు. మంచి పిల్లోడు. చివరికి సాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో 64 జీబీ తీసుకున్నాను. యూ3, వీ30. కవరు మీద చదివే వేగం 200, రాసే వేగం 90 దాకా అని ఉంది. ఆ రోజు ఇచ్చింది 1,450 రూపాయలు, బిల్లుతో. రేట్లు వారం వారం మారుతున్నాయి, మీకు అదే ధరకు దొరకాలని లేదు.

ఇంటికొచ్చి చేసిన మొదటి పని పరీక్ష. గోడ మీద రోజు కాగితాలు చింపే క్యాలెండర్‌కు ఎదురుగా కెమెరాను స్టాండు మీద పెట్టాను. ఫోకస్ మాన్యువల్, షట్టర్ 1/500, రెండు కార్డులకూ అవే సెట్టింగులు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మా ఆవిడను పక్కన కూర్చోబెట్టాను. బఫర్ నిండేదాకా నొక్కి వదిలేసి, పచ్చ లైటు ఆరేదాకా ఎంత సేపు పడుతుందో చూడడం. పాత కార్డుతో 24 సెకన్లు. మళ్లీ చేశాను, 25. కొత్త కార్డు పెట్టి నొక్కి వదిలితే 7 సెకన్లలో లైటు ఆరిపోయింది. మా ఆవిడ "సరిగా నొక్కినావా?" అని అడిగింది. మళ్లీ నొక్కాను. 7.

ఆ 24కూ 7కూ తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది గానీ, మండపంలో 24 సెకన్లంటే తలంబ్రాల సందడిలో సగం అయిపోయినట్టే. బఫర్ నిండాక కూడా వేలు అట్లానే నొక్కి ఉంచి చూశాను. పాతదాంతో ఒక్కో ఫొటోకు సెకనున్నర దాటుతోంది. కొత్తదాంతో సెకనుకు రెండు పడుతున్నాయి, అప్పుడప్పుడూ మూడోది కూడా. అవ్వ చెయ్యి పైకి లేచి కిందికి దిగడానికి పట్టిన సమయం సెకనున్నర అనుకోండి. పాతదాంతో ఒక్కటి కూడా పడని చోట కొత్తదాంతో మూడు పడతాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. కార్డు మార్చాను కాబట్టి మొదట్లో పడే 15 ఫొటోల వేగం పెరిగిందా అంటే పెరగలేదు. పెరగదు కూడా. ఆ 6.5 అనేది కెమెరా వరసగా ఫొటోలు తీసే వేగం, ఏ కార్డు పెట్టినా అంతే. ఒక్కొక్కటి ఆగి ఆగి తీసేవాళ్లకు, జేపెగ్‌లో మాత్రమే తీసేవాళ్లకు, ఇంట్లో పుట్టినరోజులకు వాడుకునేవాళ్లకు ఈ ఖర్చు అవసరం లేదు. ఫొటో క్వాలిటీ పెరుగుతుందా అని మా తమ్ముడు అడిగాడు. ఒక్క చుక్క కూడా పెరగదు. కార్డు ఫొటోను దాచిపెట్టుకుంటుంది, అంతే.

ఇక అసలు బోల్తా కొట్టిన చోటు చెప్తాను, దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. డీ750కి రెండు స్లాట్లు. పెళ్లి పనిలో రెండిటిలోనూ ఒకే ఫొటో పడేట్టు బ్యాకప్‌లో పెడతాను, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. కొత్త కార్డు మొదటి స్లాటులో పెట్టాను, పాతది రెండో స్లాటులో అట్లానే ఉంచాను. తర్వాతి వారం ఒక నిశ్చితార్థంలో తీస్తుంటే మళ్లీ అదే టక్... టక్... గుండె జారిపోయింది. ఇంట్లో ఏడు సెకన్లన్నది ఇక్కడ ఏమైంది? రాత్రి ఇంటికొచ్చి మళ్లీ క్యాలెండర్ ముందు పెట్టి చూస్తే, రెండు కార్డులూ ఉన్నప్పుడు 25 సెకన్ల పైనే. రెండో కార్డు తీసేస్తే 7. అప్పుడు వెలిగింది. బ్యాకప్‌లో ఒక ఫొటో రెండు కార్డుల్లోనూ పడేదాకా బఫర్‌లోంచి పోదు. కాబట్టి రెండిటిలో ఏది నెమ్మదిదో దాని వేగమే కెమెరా వేగం. తొట్టికి ఒక పక్క పెద్ద పైపు పెట్టి ఇంకో పక్క సన్నది అట్లానే ఉంచినట్టు కాదు ఇది, అదే నీళ్లు రెండు పైపుల్లోంచీ పోతేనే పోయినట్టు లెక్క. మరుసటి రోజు పొద్దున్నే వెళ్లి అదే కార్డు ఇంకోటి తెచ్చాను. రెండూ కొత్తవి పెట్టి బ్యాకప్‌లో కొలిస్తే 9 సెకన్లు వచ్చింది. ఆ రెండు సెకన్లు ఎక్కువైనా నాకు పరవాలేదు, బ్యాకప్ లేకుండా పెళ్లి తీయడం నావల్ల కాదు.

రెండు కార్డులకు డబ్బు పెట్టలేనివాళ్లకు ఒక దారి ఉంది. రెండో స్లాటు పనిని బ్యాకప్ నుంచి మార్చి, మొదటి దాంట్లో రా, రెండో దాంట్లో జేపెగ్ అని పెట్టుకోవచ్చు, జేపెగ్ సైజు చిన్నది పెట్టుకుంటే పాత కార్డు మీద భారం చాలా తగ్గుతుంది. ఇంకోటి, 14 బిట్ నుంచి 12 బిట్‌కు మార్చితే ఫైలు సైజు తగ్గుతుంది, బఫర్‌లో పట్టే ఫొటోల సంఖ్య కూడా బాగా పెరుగుతుంది. మండపంలో లైట్లు సరిగా ఉన్నప్పుడు నేను తలంబ్రాలకు ముందు 12 బిట్‌కు మార్చుకుంటున్నాను. ఆల్బమ్ ప్రింటులో తేడా నా కంటికి కనపడలేదు. దీనికి పైసా ఖర్చు లేదు, కార్డు కొనేముందు ఇది చేసి చూడండి.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, ఆ ఖాళీలో ఒక ఆదివారం నందికొట్కూరు దగ్గర రోళ్లపాడుకు పోయాను. బట్టమేక పక్షి కోసం పెట్టిన అభయారణ్యం అది, ఇప్పుడు ఆ పక్షి కనపడాలంటే మహా అదృష్టం ఉండాలి, నాకు కనపడలేదు. కృష్ణజింకలు మాత్రం గుంపులు గుంపులుగా ఉన్నాయి. వానకు గడ్డి కొత్తగా లేచింది, దూరంగా ఏదో చప్పుడైతే ఒకటి దూకింది, దాని వెనక ఇంకోటి, ఇక వరసగా అన్నీ, ఒక్కోటి గాలిలో నాలుగు కాళ్లూ ముడుచుకుని. పెళ్లి పనికి అలవాటైన చేతికి అది కొత్త రకం పరీక్ష. 15 ఫొటోలు అయ్యాక వేలు తీసి, రెండు సెకన్లు ఆగి మళ్లీ నొక్కితే ఆర్ 04, ఆర్ 05 దాకా వచ్చి ఉంది, అంటే ఇంకో నాలుగైదు ఫొటోలు పూర్తి వేగంతో పడతాయి. ఈ అలవాటు అక్కడే అబ్బింది. బఫర్ పూర్తిగా నిండేదాకా నొక్కకుండా చిన్న చిన్న విడతలుగా నొక్కడం. మంచి కార్డు ఉంటే ఆ విడతల మధ్య తొట్టి తొందరగా ఖాళీ అవుతుంది, నెమ్మది కార్డుతో ఈ పద్ధతి కూడా పనిచేయదు. వెనక నడుస్తున్న పెద్ద నల్ల మగజింక, కొమ్ములు మెలి తిరిగి, నేలకు అంత ఎత్తున గాలిలో ఉన్నప్పటి ఫొటో ఒకటి దొరికింది. మా ఇంట్లో హాల్లో పెట్టుకున్నాను.

వీడియో సంగతి. వీడియో తీసేవాళ్లకే ఎక్కువ వేగం కార్డు కావాలని అనుకుంటారు, నేనూ అట్లానే అనుకునేవాణ్ణి, లెక్క వేస్తే ఉల్టా. వీడియో వేగం మెగాబిట్లలో చెప్తారు, కార్డు వేగం మెగాబైట్లలో. ఎనిమిదితో భాగించాలి. డీ750లో ఫుల్ హెచ్‌డీ, సెకనుకు 60 ఫ్రేములు పెడితే 42 మెగాబిట్లు, అంటే ఐదు ఎంబీ పైచిలుకు. నా పాత కార్డు నిద్రపోతూ రాస్తుంది దాన్ని. నాతో పాటు వీడియోకు వచ్చే మా పిన్నమ్మ కొడుకు దగ్గర సోనీ ఏ7 3 ఉంది, అందులో 4కే వీడియో 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ. ఆ కెమెరా 100 మెగాబిట్లకు యూ3 కార్డు అడుగుతుంది, లేకపోతే రికార్డ్ చేయనంటుంది. అట్లాంటి 4కేకు వీ30 కార్డు హాయిగా సరిపోతుంది. కెనాన్ 5డీ మార్క్ 4 సంగతి వేరు, దాని 4కే వీడియో సెకనుకు 500 మెగాబిట్లు, అంటే 62.5 ఎంబీ, అది నిజంగా కార్డును పరుగెత్తిస్తుంది. వీడియోలో కావాల్సింది పెద్ద వేగం కన్నా నిలకడ. ఒక్క క్షణం కూడా ఆ కనీస వేగానికి తగ్గకూడదు, తగ్గితే రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకే వీడియోకు వీ అంకె చూడాలి, ఫొటోల వరసకు కవరు వెనక ఉన్న రాసే వేగం చూడాలి.

ఏ7 3 మాట వచ్చింది కాబట్టి, మా వాడిది చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆ కెమెరాలో రెండు స్లాట్లూ ఒకటి కాదు. 1వ నంబరు స్లాటు ఒక్కటే యూహెచ్ఎస్-2, రెండోది యూహెచ్ఎస్-1. 1వ నంబరు కింద ఉంటుంది, రెండోది పైన. అందరమూ చెయ్యి అలవాటు కొద్దీ పైదాంట్లోనే మొదటి కార్డు పెట్టేస్తాం. మా వాడు ఖరీదైన యూహెచ్ఎస్-2 కార్డు కొని ఏడాది పాటు పై స్లాటులో వాడాడు. సెకనుకు 10 ఫొటోలు తీసే కెమెరా అది, దానికి పెద్ద బఫర్ ఉంది కాబట్టి ఇబ్బంది ఎప్పుడో గానీ తెలియదు, అందుకే కనిపెట్టలేదు. ఇక మా ఊళ్లో ఇప్పటికీ 2012 నాటి కెనాన్ 5డీ మార్క్ 3 వాడేవాళ్లున్నారు, గట్టి కెమెరా. దానికి ఒక సీఎఫ్ స్లాటు (కాంపాక్ట్‌ఫ్లాష్ అనే వేరే రకం పెద్ద కార్డుకు), ఒక ఎస్‌డీ స్లాటు (ఇప్పటిదాకా చెప్పుకున్న రకం కార్డుకు). ఆ ఎస్‌డీ స్లాటు యూహెచ్ఎస్ కానే కాదు, ఎంత మంచి ఎస్‌డీ కార్డు పెట్టినా పాత వేగమే. వాళ్లు రా ఫైళ్లు సీఎఫ్‌లోకి పంపి, ఎస్‌డీలోకి చిన్న జేపెగ్ పంపుకోవడం మేలు. మీ కెమెరా ఏదైనా సరే, కార్డు కొనేముందు మాన్యువల్ తీసి స్లాటు యూహెచ్ఎస్-1నా, 2నా, అసలు ఏదీ కాదా అని ఒక్కసారి చూడండి. దుకాణంలో అడిగితే వాళ్లకూ తెలియకపోవచ్చు, అన్ని కెమెరాలు వాళ్లు మాత్రం ఎట్లా గుర్తుపెట్టుకుంటారు.

కార్డు రీడర్. ఇది తేలిగ్గా తీసుకుంటారు అందరూ. ఒక పెళ్లికి నాకు 40 జీబీ దాకా వస్తుంది. రాత్రి పదకొండుకు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, లాప్‌టాప్‌లోకి ఎక్కించకుండా పడుకోను, అది నా నియమం. పాత రీడర్ యూఎస్‌బీ 2, సెకనుకు 30 ఎంబీకి అటూ ఇటూ, 20 నిమిషాలు దాటేది ఒక్కో కార్డుకు. కూర్చున్న చోటే కునుకు పట్టేది. కొత్త కార్డు పెట్టినా అంతే పట్టింది, ఎందుకంటే దారి సన్నది. యూఎస్‌బీ 3 రీడర్ కొని, లాప్‌టాప్ పక్కన నీలం రంగు పోర్టులో పెడితే సెకనుకు 90 దాకా వచ్చింది, ఎనిమిది నిమిషాల్లోపు అయిపోయింది. కవరు మీద ఉన్న 200 నాకెప్పుడూ రాలేదు, రాదు కూడా. యూహెచ్ఎస్-1 దారి 104 అని పైన చెప్పాను, దాన్ని దాటాలంటే ఆ కంపెనీ పద్ధతిని అర్థం చేసుకునే ప్రత్యేక రీడర్ ఉండాలి. నాకు అవసరం అనిపించలేదు.

నకిలీల గురించి రాయకుండా వదలలేను. మా మేనల్లుడు తక్కువలో వస్తుందని ఎవరో తిరుగుతూ అమ్ముకునేవాడి దగ్గర 128 జీబీ కార్డు కొన్నాడు. కెమెరాలో పెడితే 128 అనే చూపించింది. ఒక గృహప్రవేశం తీశాడు, మొదటి మూడు వందల ఫొటోలు బాగున్నాయి, ఆ తర్వాతవి లాప్‌టాప్‌లో పేరు కనపడుతుంది గానీ తెరుచుకోవు. లోపల ఉన్నది 8 జీబీ, బయటికి 128 అని చెప్పేట్టు చేసి పెట్టారు. నిండాక వచ్చినదాన్ని కార్డు ఎక్కడో పారేస్తుంది, లేదా పాతదాని మీదే రాస్తుంది, కెమెరాకు ఆ సంగతి తెలియదు. ఉచితంగా దొరికే ఫొటోరెక్ అనే ప్రోగ్రాంతో ఏమైనా తిరిగి వస్తాయేమో అని రాత్రంతా కూర్చున్నాం. డిలీట్ అయినవి దాంతో వస్తాయి, నేను చాలాసార్లు తెచ్చాను, కానీ అసలు రాయనిది ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఇంటివాళ్లకు మేమిద్దరం కలిసి వెళ్లి చెప్పాం. పాలు పొంగించింది ఉంది, సత్యనారాయణ వ్రతం లేదు. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టమనిపించింది.

అందుకే ఇప్పుడు ఏ కార్డు కొన్నా, ఎంత పెద్ద దుకాణంలో కొన్నా, ఫొటో తీయడానికి ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షిస్తాను. అది కార్డును చివరి ఎంబీ దాకా నింపి, నింపినదాన్ని మళ్లీ చదివి సరిపోల్చి చూస్తుంది. నకిలీదైతే అక్కడే దొరికిపోతుంది. రాసే వేగం ఎంత వస్తోందో కూడా చివర్లో చూపిస్తుంది, నా రెండు కొత్త కార్డులకూ 80కి పైనే వచ్చింది. 64 జీబీకి అరగంట లోపు పని. అది రన్ అవుతుంటే అన్నం తినొచ్చు.

128 ఒకటి కొనక 64 రెండు ఎందుకని చాలామంది అడుగుతారు. 28 ఎంబీ లెక్కన 64 జీబీలో రెండు వేలకు పైగా రా ఫైళ్లు పడతాయి, ఒక పెళ్లికి నాకు చాలు. పెద్ద కార్డు ఉంటే మార్చకుండా రెండు మూడు పెళ్లిళ్లు అందులోనే ఉంచేస్తాం, అది పోతే మూడు ఇళ్ల పెళ్లిళ్లూ పోతాయి. కార్డుల మీద మార్కర్‌తో 1, 2 అని రాసుకున్నాను. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే, రెండు బటన్లు కలిపి నొక్కి, అదీ ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కి, ఒకసారి తెరిచి చూసుకున్నాకే. పచ్చ లైటు వెలుగుతున్నప్పుడు కార్డు మూత తీయకూడదని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చెప్తాను.

శ్రావణంలో ఆదోనిలో ఒక పెళ్లి తీశాను. రెండు కొత్త కార్డులు, బ్యాకప్‌లో, 12 బిట్‌లో. తలంబ్రాలు ఆరు నిమిషాలు సాగాయి, ఆ రెండు కుటుంబాలూ అంత సరదా మనుషులు. ఆరు నిమిషాల్లో ఒక్కసారి ఆర్ 00 కనపడింది, నేను కంటి దగ్గర నుంచి కెమెరా దించి మళ్లీ పెట్టుకునేలోపు అంకెలు పెరిగాయి. పెళ్లికొడుకు మేనత్త కొంగు అడ్డం పెట్టుకుని తలంబ్రాలు తప్పించుకోవడం, ఆ కొంగులోంచి గింజలు రాలడం, పక్కనే చంకలో ఉన్న బిడ్డ నోరు తెరుచుకుని చూడడం, ఎనిమిది ఫొటోలు వరసగా వచ్చాయి, ఆల్బమ్‌లో ఒక పూర్తి పేజీ వాటికే ఇచ్చాం. ఆ పేజీ చూసి మేనత్త తన ఫోన్లోకి కూడా పంపమంది.

డీ750, డీ610, 6డీ మార్క్ 2 లాంటి యూహెచ్ఎస్-1 కెమెరాలతో రా ఫైళ్లు తీసే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఈ కార్డును ధైర్యంగా చెప్తాను. యూహెచ్ఎస్-2 స్లాటు ఉండి, పక్షులో ఆటలో తీసేవాళ్లు ఇక్కడ ఆగకుండా దానికి తగ్గది చూసుకోవాలి. ఎనిమిది నెలల్లో నా రెండు కార్డుల్లోనూ ఒక్క ఫైలు చెడలేదు. రేటు కొంచెం దిగితే ఇంకో జత తీసుకోవాలి, కార్తీకంలో వరసగా ఆరు ముహూర్తాలు ఒప్పుకున్నాను.